గుమ్మం దాటాక మొదటి అర కిలోమీటరు

సంపాదకులకు,

విజయనగరంలో పెద్దవాళ్ల సౌకర్యాల మాట వచ్చినప్పుడల్లా చర్చ వృద్ధాశ్రమాల దగ్గరో పార్కుల దగ్గరో ఆగిపోతోంది. ఆ రెండూ కావలసినవే. కానీ డెబ్బై అయిదేళ్ల మనిషికి రోజూ ఎదురయ్యే ప్రశ్న వేరు. గేటు దాటి వీధి చివరి మందుల షాపుకో, గుడికో, రైతుబజారుకో వెళ్లి పడకుండా ఇంటికి తిరిగి రాగలనా అన్నదే ఆ ప్రశ్న. రాగలిగినన్నాళ్లూ తన పని తాను చేసుకుంటారు. ఒక్కసారి పడినా, పడతానేమోనన్న భయం పట్టుకున్నా గడప లోపలే ఉండిపోతారు. నడక ఆగితే కాళ్లలో కండ తగ్గుతుంది. కండ తగ్గితే పడే ప్రమాదం ఇంకా పెరుగుతుంది. పిల్లలు విశాఖలోనో హైదరాబాదులోనో విదేశాల్లోనో స్థిరపడి, ముసలి దంపతులిద్దరే మిగిలిన ఇళ్లు మన ఊళ్లో వీధి వీధికీ కనిపిస్తున్నాయి. అందుకే నగరపాలక సంస్థ ముందు చూడవలసింది ఇంటి గుమ్మం దాటాక వచ్చే మొదటి అర కిలోమీటరు అని మా గట్టి అభిప్రాయం.

మొదట కాలువ మీది పలకల సంగతి. మన వీధుల్లో విడిగా ఫుట్‌పాత్ ఉన్నచోట్లు తక్కువ. మురుగు కాలువ మీద వేసిన సిమెంటు పలకలే ఫుట్‌పాత్. మనిషి నడిచేటప్పుడు పాదం నేలకు ఒకటి రెండు సెంటీమీటర్ల ఎత్తులోనే ముందుకు సాగుతుంది. వయసు పైబడ్డాక అడుగు ఇంకా ఈడ్చినట్టు పడుతుంది. కాబట్టి పదిహేను సెంటీమీటర్ల మెట్టు కంటే రెండు సెంటీమీటర్లు లేచి ఉన్న పలక అంచే ఎక్కువ ప్రమాదం. మెట్టు కంటికి కనిపిస్తుంది, అంచు కనిపించదు. పలకను ఎత్తడానికి వదిలిన ఇనుప కొక్కెం కూడా అంతే. బొటనవేలికి తగిలేదాకా అది అక్కడ ఉందని తెలియదు.

పూడిక తీసినప్పుడు తీసిన పలకలు మళ్లీ సరిగా ఎందుకు కూర్చోవు? కారణం బరువు. నాలుగడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, నాలుగంగుళాల మందం ఉన్న పలక (అంటే సుమారు 120 × 60 × 10 సెంటీమీటర్లు) దాదాపు 173 కిలోలు తూగుతుంది. ఘనమీటరు కాంక్రీటు సుమారు 2,400 కిలోల లెక్కన ఎవరైనా వేసి చూసుకోవచ్చు. ఇద్దరు కార్మికులు గడ్డపారతో ఓ పక్కకు తోయగలరు గాని, లేపి గాడిలో పెట్టలేరు. అందుకే పలక వాలుగా మిగిలిపోతుంది, లేదా పక్క పలక మీదికి ఎక్కి కూర్చుంటుంది. వెడల్పు సగానికి, అంటే 30 సెంటీమీటర్లకు తగ్గిస్తే బరువు సుమారు 86 కిలోలకు దిగుతుంది. రెండు కొక్కేలతో ఇద్దరు ఎత్తగలరు. పోనీ, అన్ని పలకలూ చిన్నవి కానక్కర్లేదు. పూడిక తీయడానికి ప్రతి అయిదారు మీటర్లకు ఒకచోట చిన్న పలకలు పెట్టి, మిగతావి కదలకుండా సిమెంటుతో బిగించేయొచ్చు. కొక్కెం పలక మట్టానికి కిందనే, చిన్న గుంటలో ఉండాలి.

పలక విరగడానికి ఇంకో కారణం పెద్దగా ఎవరూ పట్టించుకోరు. పలక మీద బరువు పడితే సాగే లాగుడంతా అడుగు భాగంలో ఉంటుంది. అందుకని ఇనుప చువ్వలు అడుగునుంచి 20–25 మిల్లీమీటర్ల ఎత్తులో ఉండాలి. పోత పోసేటప్పుడు కింద కవరు బిళ్లలు (చువ్వలను నేలకు ఎడంగా నిలిపే చిన్న సిమెంటు ముక్కలు) పెట్టకుండా చువ్వల జాలీని మట్టి మీదే పరిచేస్తే చువ్వ తుప్పు పట్టి కాంక్రీటు పెచ్చులూడుతుంది. జాలీ మధ్యకు జరిగితే బలం బాగా తగ్గిపోతుంది. పూడిక తీశాక పలకను తిరగేసి పెడితే చువ్వ పైకి పోతుంది. అప్పుడు ఒక్క ఆటో చక్రం ఎక్కితే చాలు, పలక రెండు ముక్కలు. పోత పోసిన రోజే పైవైపు రంగుతో ఒక గుర్తు వేస్తే ఈ పొరపాటు జరగదు. ఖర్చు ఒక బ్రష్షు, కొంచెం పెయింటు.

టెండరు షరతులోనూ మార్పు రావాలి. పూడిక ఎన్ని ఘనమీటర్లు తీశారన్న లెక్క మీదే బిల్లు చెల్లిస్తే, పలకల మీద శ్రద్ధ పెట్టాలని కాంట్రాక్టరుకు ఎందుకుంటుంది? తీసిన పలకల సంఖ్య, తిరిగి పెట్టిన పలకల సంఖ్య, విరిగినవి మార్చిన సంఖ్య మూడూ కొలతల పుస్తకంలో రాయాలి. పక్క పలకతో ఎత్తు తేడా ఒక సెంటీమీటరు దాటకూడదు. ఇవన్నీ సరిచూసేదాకా బిల్లులో కొంత భాగం ఆపి ఉంచాలి. తీసిన పూడికను రెండు మూడు రోజులు కాలువ అంచునే ఆరబెట్టే అలవాటు కూడా మానుకోవాలి. వాన పడితే అదే బురదై పలకల మీద జారుడు పడుతుంది.

తర్వాతది రోడ్డు ఎత్తు. పాత రోడ్డును గీరి తీయకుండా దాని మీదే మళ్లీ మూడు నుంచి అయిదు సెంటీమీటర్ల తారు వేస్తూ పోతే నాలుగు దఫాలకు రోడ్డు పన్నెండు నుంచి ఇరవై సెంటీమీటర్లు లేస్తుంది. ఇళ్లు పల్లంలో పడతాయి. వాన నీరు లోపలికి వస్తుందని ఇంటివాళ్లు గేటు ముందు గట్టు కడతారు. ఆ గట్టు మీదికి బండి ఎక్కాలని కాలువ మీదుగా రోడ్డు దాకా ఏటవాలు ర్యాంపు పోస్తారు. ఇంటికో ర్యాంపు ఒక్కో ఎత్తులో, ఒక్కో వాలులో ఉంటే కాలువ పలకల మీద నడిచే దారి అక్కడితో సరి. ముసలాయన రోడ్డు మీదికి దిగాల్సిందే. ఇంటివాళ్లను తిట్టుకోవడం అన్యాయం, వాళ్లను అక్కడికి నెట్టింది రోడ్డే. మళ్లీ తారు వేసేముందు పాత పొరను గీరడం తప్పనిసరి చేయాలి. ర్యాంపు గేటు లోపలే మొదలయ్యేలా ఇంటి ప్లానుకు అనుమతి ఇచ్చేటప్పుడే చూడాలి.

పైపులకో కేబుళ్లకో తవ్విన గోతుల గురించి ఒక్క మాట. మట్టిని 15 సెంటీమీటర్ల పొరలుగా పోసి, తడిపి, దిమ్మిస కొట్టాకే పైపొర వేయాలి. మొత్తం మట్టి ఒకేసారి తోసి పైన సిమెంటు రాస్తే మొదటి వానకే కుంగుతుంది.

దుకాణాల ముందు నున్నటి టైల్స్ వేయడం ఇప్పుడు రివాజైపోయింది. తడిస్తే అవి నూనె పోసిన పళ్లెంలా ఉంటాయి. నడిచేచోట చీపురుతో గీతలు గీసిన మామూలు కాంక్రీటు చాలు. రంగు రంగుల ఇంటర్‌లాకింగ్ ఇటుకలే వేయాలనుకుంటే, నడకకు 60 మిల్లీమీటర్ల మందం సరిపోతుంది. బళ్లు ఎక్కేచోట 80 కావాలి. అంచున గట్టి కర్బు లేకపోతే ఇటుకల కింది ఇసుక వాన నీటితో కొట్టుకుపోయి, ఆరు నెలల్లో నేలంతా ఎగుడుదిగుడవుతుంది. వాన నీరు జారిపోవడానికి 50కి 1 వాలు (50 సెంటీమీటర్లకు ఒక సెంటీమీటరు దిగేలా) చాలు. అంతకు మించితే కర్ర పట్టుకున్నవాళ్లు ఒక పక్కకు ఒరుగుతారు.

రోడ్డు దాటడం మరో గండం. ఆర్టీసీ కాంప్లెక్సు, మయూరి కూడలి, గంటస్తంభం, మూడు లాంతర్లు, ఈ నాలుగు చోట్లా పొద్దున ఎనిమిది దాటాక ఓ గంటసేపు నిలబడి చూస్తే ఎవరికైనా సంగతి బోధపడుతుంది. రోడ్డు దాటే సమయాన్ని మామూలుగా సెకనుకు 1.2 మీటర్ల నడక లెక్కన కడతారు. 12 మీటర్ల రోడ్డుకు పది సెకన్లు. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు సెకనుకు 0.8 మీటర్లే నడుస్తారు. వాళ్లకు పదిహేను సెకన్లు పడుతుంది. అటూ ఇటూ చూసి మొదటి అడుగు వేయడానికి ఇంకో మూడు సెకన్లు కలపాలి. సిగ్నల్ ఉన్నచోట 18 సెకన్లకు తగ్గకుండా పెట్టాలి. సిగ్నల్ లేనిచోట మధ్యలో డివైడరును తెరిచి, కనీసం మీటరున్నర లోతు ఆగే చోటు ఇస్తే రోడ్డును రెండు విడతల్లో దాటొచ్చు. డివైడరు సందులో కుండీలు పెట్టకూడదు. కూర్చున్న మనిషి ఎత్తు మొక్క వెనక నుంచి వచ్చే బండి కనిపించదు.

స్పీడు బ్రేకరు అంటే గుట్టలా పోసిన తారు కాదు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ కొలత ప్రకారం అది 3.7 మీటర్ల వెడల్పులో 10 సెంటీమీటర్లే లేవాలి. అడుగు వెడల్పులో అర అడుగు లేపిన గుట్ట బండి వేగాన్ని తగ్గించేమాట నిజమే గాని, ఎముకలు గుల్లబారిన ముసలమ్మ ఆటో వెనక సీటులో కూర్చుని ఎగిరిపడితే వెన్నుపూస నలిగిపోవచ్చు. బడులు, గుళ్లు, ఆసుపత్రుల ముందు దీనికంటే మంచి మార్గం, జీబ్రా గీతల చోటునే ఫుట్‌పాత్ ఎత్తుకు లేపడం. పైన కనీసం మూడు మీటర్ల చదును, రెండు పక్కలా మెల్లటి వాలు. ఇక్కడ జరిగే పొరపాటు ఒకటుంది. లేపిన భాగం వాన నీటికి అడ్డుకట్టవుతుంది. నీరు నిలిచిందని ఫిర్యాదులు వచ్చి నెలలోపే దాన్ని పగలగొట్టేస్తారు. రోడ్డు అంచుల్లో నీరు పోయే సందు వదిలి, పైన ఇనుప జల్లెడ వేస్తే ఆ ఇబ్బంది ఉండదు. జల్లెడ సందులు 12 మిల్లీమీటర్లకు మించకూడదు. నడిచే దిశకు అడ్డంగా ఉండాలి, నిలువుగా ఉంటే చేతికర్ర కొన అందులోకి దిగిపోతుంది.

ఊళ్లో పెద్దవాళ్లకు అసలు వాహనం షేర్ ఆటో. అది ఆగేది కూడలి నడిమధ్యన. కూడలికి కొంచెం అవతల ఆటోలకు చోటు గీసి, అక్కడ 15 సెంటీమీటర్ల ఎత్తు అరుగు కడితే ఆటోలోకి ఎక్కే ఎత్తు బాగా తగ్గిపోతుంది. ఆటోవాళ్ల సంఘాలతో కూర్చుని మాట్లాడితేనే ఇది నిలబడుతుంది. చలాన్లతో నిలబడదు. ఆర్టీసీ బస్సుల్లో అరవై దాటినవాళ్లకు 25 శాతం రాయితీ ఉంది. కానీ బస్సు గట్టుకు దూరంగా ఆగితే మొదటి మెట్టు మోకాలి ఎత్తున ఉంటుంది. బస్సు ఆగే చోట ఆటోలు లేకుండా చూస్తే చాలు, డ్రైవరు గట్టును ఆనుకుని ఆపగలడు.

కూర్చునే చోట్ల దగ్గరికి వస్తే, మన ఊరికి తెలిసిన విద్యే మరిచిపోయాం. 1713లో కట్టిన కోట చుట్టుపక్కల పాత వీధుల్లో ప్రతి ఇంటికీ వీధి అరుగు ఉండేది. దారిన పోయే ముసలివాళ్లు ఎవరినీ అడగకుండా దాని మీద కూర్చుని లేచి వెళ్లేవారు. రోడ్లు వెడల్పు చేసినప్పుడు కొన్ని, ప్రహరీ గోడలు కట్టినప్పుడు కొన్ని అరుగులు పోయాయి. వాటి బదులు దాతల పేర్లతో వేస్తున్న బెంచీలు మంచి మనసుతో వేసినవే. కొలతలే కుదరడం లేదు. సీటు నేలకు 45 సెంటీమీటర్ల ఎత్తులో ఉండాలి. అంతకన్నా కిందికుంటే తొడల్లో సత్తువ లేనివాళ్లు లేవలేరు. వీపుకు ఆనుడు, రెండు పక్కలా చేతులు ఆనించుకునే పట్టాలు తప్పనిసరి, ఎందుకంటే పెద్దవాళ్లు చేతులతో నొక్కుకునే లేస్తారు. పట్టా సీటు మీదికి సుమారు 20 సెంటీమీటర్లు ఉంటే సరి. నల్ల గ్రానైటు ఎండలో కాలిపోతుంది, నీడ లేనిచోట వేయకూడదు. కానుగ, వేప చెట్ల కింద వేయాలి. బెంచీ ముందు మట్టి వదిలేస్తే వానాకాలం అక్కడికి ఎవరూ పోలేరు, కాంక్రీటు పరచాలి. వంద, నూటయాభై మీటర్లకో బెంచీ ఉంటే గుండె జబ్బు, ఆయాసం ఉన్నవాళ్లు కూడా అర కిలోమీటరు నడవగలరు. అయ్యకోనేరు గట్టు మీద నాలుగు బెంచీలు వరసగా వేయడం కంటే, మందుల షాపుకు పోయే దారిలో నాలుగు చోట్ల ఒక్కొక్కటి వేయడం మేలు. కొత్త ఇళ్లలో ప్రహరీ బయట సొంత స్థలంలోనే అరుగు కట్టేవాళ్లకు ప్లాను ఫీజులో ఏదో ఒక రాయితీ ఇవ్వగలరేమో నగరపాలక సంస్థ ఆలోచించాలి.

ఫుట్‌పాత్ మీద కూరలమ్మేవాళ్లను తరిమేయమని మేం అడగడం లేదు. వాళ్లలో చాలామంది అరవై దాటిన ఆడవాళ్లే, వాళ్లూ ఈ ఊరి పెద్దవాళ్లే. 2014 వీధి వ్యాపారుల చట్టం ప్రకారం వెండింగ్ కమిటీతో కలిసి గీత గీయాలి. 1.8 మీటర్లు నడవడానికి, ఆపైన మిగిలింది గంపలకు. అంత చోటు లేని సందుల్లో ఒక వైపు నడక, ఒక వైపు అమ్మకం.

మరుగుదొడ్డి గురించి బయటికి చెప్పుకోవడానికి సిగ్గుపడతారు గాని, చాలామంది ఇల్లు కదలకపోవడానికి అదే కారణం. బీపీకి నీరు పోయే మాత్ర వేసుకున్నవాళ్లు, ప్రొస్టేటు ఉబ్బినవాళ్లు, చక్కెర జబ్బువాళ్లు గంటకోసారి వెళ్లాలి. అందుకని బయటికి వెళ్లే రోజు మాత్ర మానేస్తారు, నీళ్లు తాగడం మానేస్తారు. మన ఉత్తరాంధ్ర మే నెల ఉక్కలో ఆ రెండూ ప్రాణం మీదికి తెస్తాయి. వయసుతోపాటు దాహం తెలియడం కూడా తగ్గుతుంది. బజారుల్లో, బస్టాండులో ఉన్న మరుగుదొడ్లలో ఒక్కొక్క గదైనా ఇలా ఉండాలి: 45 సెంటీమీటర్ల ఎత్తు కమోడు, పక్కన గోడకు పట్టుకునే కడ్డీ, బయటికి తెరుచుకునే తలుపు. లోపల పడిపోతే, లోపలికి తెరిచే తలుపుకు ఆ మనిషే అడ్డం అవుతారు, బయటివాళ్లు తెరవలేరు. ఇలా కట్టిన గదికి తాళం వేసి చీపుర్లు, బకెట్లు దాచుకోవడం ఎన్నో చోట్ల చూస్తున్నదే. తాళం ఉండకూడదు. ఎండాకాలం చలివేంద్రం దగ్గర కూడా నాలుగు కుర్చీలు, పిడి ఉన్న గ్లాసులు పెడితే వణికే చేతులతో తాగేవాళ్లకు తేలిక.

వీధి దీపాల్లో తెల్లటి కాంతి మిరుమిట్లు శుక్లాలున్న కళ్లకు పొగమంచులా పరుచుకుంటుంది. అరవై ఏళ్ల కంటి లోపలికి ఇరవై ఏళ్లప్పుడు అందిన వెలుగులో సుమారు మూడో వంతే చేరుతుంది. దీపాలు ఎక్కువ వెలగాలన్నది నిజమే, కానీ వెలుగు కళ్లలో కాదు, నేల మీద పడాలి. చెట్టు కొమ్మలు దీపాన్ని కప్పేసిన చోట కొత్త దీపం అక్కర్లేదు, కొమ్మ కొడితే చాలు.

ఇంటి లోపలి సంగతి నగరపాలక సంస్థది కాదనుకుంటారు. కానీ వార్డు సచివాలయాల్లో ఇంజనీరింగు చూసే సిబ్బంది ఉన్నారు, వాళ్లతో సలహా ఇప్పించవచ్చు. స్నానాలగదిలో కడ్డీ బిగించేటప్పుడు 32 నుంచి 40 మిల్లీమీటర్ల గొట్టం, గోడకు నాలుగు సెంటీమీటర్ల ఎడం ఉండాలి. తువ్వాలు ఆరేసుకునే కడ్డీ మనిషి బరువు ఆపదు. పాత సున్నం గోడల్లో మామూలు ఫాస్టెనర్లు పట్టవు, లాగితే గుల్లగా ఊడి వస్తాయి. అలాంటి చోట గోడ అవతలి దాకా బోల్టు పోనిచ్చి వెనక ఇనుప రేకు పెట్టి బిగించాలి. ఉచితంగా పంచే చేతికర్రల విషయంలోనూ ఒక జాగ్రత్త. చెప్పులేసుకుని నిలబడి చేయి కిందికి వదిలితే, కర్ర పిడి మణికట్టు మడత దగ్గరికి రావాలి. పొడవైన కర్ర భుజాన్ని ఎత్తుతుంది, పొట్టిది నడుమును వంచుతుంది. కింది రబ్బరు తొడుగు అరిగి నున్నబడితే వెంటనే మార్చాలి.

ఆసుపత్రుల్లో పెద్దవాళ్లకు వేరే వరస ఉండాలని 2007 తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం 20వ సెక్షన్ చెబుతోంది. జిల్లా ఆసుపత్రిలో వృద్ధుల వైద్యంలో అనుభవమున్న డాక్టరు ఆధ్వర్యంలో ప్రత్యేక ఏర్పాటు ఉండాలని కూడా అదే సెక్షన్లో ఉంది. బోర్డు కట్టినంత మాత్రాన వరస నడవదు, చీటీ రాసే కౌంటరు దగ్గర్నుంచి మందులిచ్చే కిటికీ దాకా వేరుగా ఉండాలి. టోకెను నంబరు మైకులో పిలిస్తే సన్నటి శబ్దాలు వినిపించని చెవులకు అందదు. పెద్ద అంకెల్లో తెరమీద చూపాలి. బీపీ, చక్కెర మాత్రలు నెలకు సరిపడా వార్డుకు దగ్గరున్న పట్టణ ఆరోగ్య కేంద్రంలోనే ఇస్తే సగం ప్రయాణాలు తగ్గుతాయి. సాయం కావలసిన వృద్ధులు 14567కి ఫోను చేయవచ్చన్న సంగతిని కూడా అక్కడే గోడ మీద పెద్దగా రాయాలి.

ఇవన్నీ ఒకేసారి ఊరంతా చేయమనడం లేదు. దాసన్నపేట రైతుబజారు చుట్టూ అర కిలోమీటరు తీసుకుని మొదలుపెట్టమంటున్నాం. ముందు కొలవాలి. కొలవడానికి పెద్ద పరికరాలు వద్దు. 90 సెంటీమీటర్ల ప్లాస్టిక్ గొట్టం ఒకటి అడ్డంగా పట్టుకుని నడిస్తే, అది తగిలిన చోట చక్రాల కుర్చీ పోదని తెలుస్తుంది. 120 సెంటీమీటర్ల చెక్క మీద నీటిమట్టం బద్ద పెట్టి, దిగువ కొనను మట్టం కుదిరేదాకా లేపాలి. ఆ కొన పది సెంటీమీటర్లకు మించి లేస్తే ర్యాంపు 12కి 1 కంటే నిటారుగా ఉన్నట్టు. కర్రతో నడిచే ఇద్దరు పెద్దవాళ్లు, వార్డు సచివాలయం నుంచి ఒకరు, టేపు, సుద్దముక్క పట్టుకున్న ఇద్దరు కుర్రాళ్లు చాలు. పొద్దున ఏడింటికి ఒకసారి, చీకటిపడ్డాక ఒకసారి, వాన వెలిసిన గంటలో ఒకసారి ఆ దారే నడవాలి. మూడుసార్లూ వేర్వేరు తప్పులు బయటపడతాయి. ప్రతి తప్పు పక్కన దగ్గరి ఇంటి డోర్ నంబరు, కొలత, ఎవరి బాధ్యతో రాయాలి. పలక నగరపాలక సంస్థది, పెద్ద రోడ్డు ఆర్ అండ్ బీది, దారికి అడ్డొచ్చిన స్తంభం విద్యుత్ సంస్థది. అలా విడదీయకుండా ఇచ్చిన అర్జీ ఒక ఆఫీసు నుంచి ఇంకో ఆఫీసుకు తిరుగుతూనే ఉంటుంది. విడదీసిన జాబితాను సోమవారం కలెక్టరేటులో ప్రజా సమస్యల పరిష్కార వేదికలో శాఖకో కాగితంగా ఇవ్వాలి.

పైడితల్లమ్మ సిరిమానోత్సవానికి గుడి నుంచి కోట దాకా సిరిమాను మూడుసార్లు తిరిగే దారిని అధికారులు అడుగడుగునా నడిచి చూస్తారు. ఆ అలవాటు ఊరికి కొత్త కాదు. వానలకు ముందు కాలువల పూడిక ఎలాగూ తీయాలి. పలకల షరతును ఈసారి టెండరు కాగితంలోనే చేర్చాలని నగరపాలక కమిషనరును కోరుతున్నాం. టెండరు పిలిచేశాక చేర్చడం కుదరదు.

ఇట్లు
కొందరు విశ్రాంత ఇంజనీర్లు, నర్సులు, ఫిజియోథెరపిస్టులు
విజయనగరం